సెలవు ఎవరికి?

మన మహిళా సంఘాలు కూలి గురించి మాట్లాడాయి, ఆస్తి గురించి మాట్లాడాయి, హింస గురించి గొంతెత్తి మాట్లాడాయి. విశ్రాంతి గురించి మాట్లాడటానికి మాత్రం ఎందుకో మొహమాటపడ్డాయి. స్త్రీకి తీరిక కావాలనడం, రెండు రోజులు ఊరికే తిరిగి రావాలనుకోవడం చాలామందికి ఇప్పటికీ కలవారి కోరికలాగే వినిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో చాలా చిన్న విషయం ఒకటి తీసుకుంటున్నాను. కృష్ణా డెల్టాలోని ఒక మామూలు కుటుంబం ఎదిగే పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు రోజులు విజయవాడ చూసి రావాలనుకుంటే ఏం జరుగుతుంది? ఆ ప్రయాణానికి ఎవరు సర్దుతారు, రోజు ఎలా గడవాలో ఎవరు నిర్ణయిస్తారు, చివరికి ఎవరికి సెలవు దొరుకుతుంది?

ఈ ప్రశ్న ఇప్పుడే అడగడానికి కారణం వుంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన స్త్రీలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు డబ్బు చెల్లించకుండా ప్రయాణం చేయవచ్చు. కర్ణాటకలో 2023 జూన్‌లోనూ, తెలంగాణలో 2023 డిసెంబరులోనూ ఇలాంటి పథకాలే వచ్చాయి. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో బెజవాడ రావాలంటే ఇదివరకు భర్త జేబు వైపు చూడాల్సి వచ్చిన స్త్రీకి ఇప్పుడు కనీసం బస్సు మెట్ల దాకా ఆ అవసరం లేదు. కుటుంబం మొత్తంలో టిక్కెట్టు కొనాల్సింది తండ్రీ కొడుకులే. ఆడపిల్లని వెంట తీసుకెళ్ళడం దండగ ఖర్చు అనే పాతమాట ఈ ఒక్క చోట తిరగబడింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ బస్సు దిగిన తర్వాత ఏమిటి?

నేను గవర్నర్‌పేటలో వుంటాను. డెల్టా ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళని రోజూ చూస్తూనే వుంటాను. వాళ్ళు ఈ ఊరికి ప్రధానంగా మూడు పనుల మీద వస్తారు. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో రోగికి తోడుగా, హాస్టల్లో వున్న బిడ్డని చూడటానికి, వన్‌టౌన్ వస్త్రలతలోనో బీసెంట్ రోడ్డులోనో పెళ్ళి బట్టలు కొనడానికి. మూడూ ఇంకొకరి కోసం చేసే ప్రయాణాలే. ఇరవై ఏళ్ళుగా బెజవాడ వస్తూ పోతూ వున్న ఒకావిడ భవానీ ద్వీపం ఎక్కడుందని నన్ను అడిగింది. ప్రకాశం బ్యారేజీ మీంచి బస్సులో ఎన్నిసార్లు దాటివుంటుందో లెక్కలేదు. దిగి నిలబడి నదిని చూసింది ఒక్కసారీ లేదు.

నాలుగో కారణం ఒకటుంది, దుర్గ గుడి. స్త్రీ తనంతట తాను ఇల్లు కదలడానికి మన సమాజం ఇచ్చిన పాత అనుమతి పత్రం గుడి. పుణ్యమూ పురుషార్థమూ కలిసొస్తాయని చెప్పి ఇంద్రకీలాద్రి పేరు పెడితే ఇంట్లో ఎవరూ కాదనరు. దర్శనం అయ్యాక ఆ కాస్త సమయంలో పిల్లలకి నది చూపిస్తారు, గాజులు కొనుక్కుంటారు. భక్తి వున్నవాళ్ళ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కాని మనసారా నవ్వుకోవడానికి, కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి కూడా స్త్రీ ఒక పవిత్రమైన కారణం చూపించాల్సి రావడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల నుంచి స్త్రీలు సారా దుకాణాల మీదికి కదిలినప్పుడు లోకం విస్తుపోయి చూసింది, తర్వాత మెచ్చుకుంది. పోరాటానికి బయటికొచ్చిన స్త్రీని ఒప్పుకున్న లోకం, పనేమీ లేకుండా బయటికొచ్చిన స్త్రీని ఇంకా ఒప్పుకోలేదు. బొంబాయి స్త్రీల అనుభవాల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ప్రచురించిన 'వై లాయిటర్' పుస్తకం వాదించింది ఇదే. ఏ పనీ లేకుండా బహిరంగ స్థలంలో వుండగలగడమే స్త్రీకి ఆ నగరం మీద వున్న హక్కుకి కొలమానం.

ఇక ప్రయాణం సన్నాహం సంగతి చూద్దాం. "ఈ ఆదివారం బెజవాడ వెళ్దాం" అనే ఒక్క మాటతో భర్త పని పూర్తవుతుంది. ఆ మాట ఇంకొకరికి మూడు రోజుల పని అవుతుంది. పిల్లల బట్టలు ఉతికి ఇస్త్రీ చేయించడం, చిన్నవాడికి బస్సులో వాంతులు కాకుండా మాత్ర, అత్తగారికి రెండు రోజులకీ కూర, పచ్చడి, పాలవాడికి చెప్పడం, పక్కింటి వాళ్ళకి తాళం ఇవ్వడం, బయట తిండి పడదని పులిహోర కలపడం, ఖర్చవుతుందని మంచినీళ్ళ సీసాలు నింపడం. ప్రయాణం రోజు నాలుగింటికి లేచేది ఆమె, బస్సులో కిటికీ పక్క చోటు దొరికేది పిల్లలకి. తిరిగొచ్చిన రాత్రి అందరూ అలసిపోయి పడుకుంటారు. విడిచిన బట్టల మూట విప్పేది మళ్ళీ ఆమే. కుటుంబం విహారానికి వెళ్తే పొయ్యి కూడా వెంట వెళ్తుంది, పొయ్యి ముందు మనిషి మారదు.

ఇందులో చేతులతో చేసే పని సగమే. మిగతా సగం తలలో నడిచే పని. ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుంది, ఎవరు అలుగుతారు, ఎండ ఎప్పుడు పెరుగుతుంది, చేతిలో ఎంత మిగిలింది అనే లెక్క. ఇది ఎవరి కంటికీ కనిపించదు కాబట్టి పని కింద జమ కాదు. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు వాటి మీద గడిపితే, పాల్గొన్న పురుషులు గడిపింది 88 నిమిషాలు. అసలు పాల్గొనని పురుషులు ఈ సగటులో లేనేలేరు. ఈ లెక్క మామూలు రోజులది. సెలవు రోజుల్లో ఆమె పని తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే మన పండగలు గుర్తు చేసుకోవాలి. పిల్లలకి బడి సెలవులొచ్చేది దసరాకి, సంక్రాంతికి, వేసవిలో. మొదటి రెండూ పిండివంటల కాలం. మూడోది ఆవకాయల కాలం, బెజవాడ నిప్పుల కొలిమిలా వుండే కాలం. విశ్రాంతి అని క్యాలెండరులో ఎర్రగా అచ్చువేసిన రోజులన్నీ ఆమెకి అదనపు పని రోజులు.

ఎదిగే పిల్లల మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విజయవాడ చుట్టూ, గూడవల్లి, కానూరు, పోరంకి ప్రాంతాల్లో ఇంటర్మీడియట్ హాస్టళ్ళు పెద్ద సంఖ్యలో వున్నాయి. డెల్టా కుటుంబాలకి నిజంగా తెలిసిన నగర విహారం 'ఔటింగ్' అనే ఆ ఆదివారమే. తల్లి తెల్లవారుజామునే సున్నుండలు, వేపుడు, పెరుగన్నం పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. బిడ్డ బయటికొస్తుంది. ఆ పిల్లకి ఆ రోజు కావాల్సింది ఏమిటి? చాలాసార్లు నిద్ర. తలంటు పోసుకుని మధ్యాహ్నం దాకా పడుకోవడం. కాని ఇంత దూరం వచ్చిన తండ్రికి ఆ పిల్ల మార్కులు తెలియాలి, వచ్చిన బంధువులకి గుడి కావాలి, తమ్ముడికి సినిమా కావాలి. పిల్ల అందరికీ సర్దుకుపోతుంది. సర్దుకుపోవడం అనే విద్యని మనం ఆడపిల్లలకి ఇలాంటి ఆదివారాల్లోనే నేర్పుతాం. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు, 2017లో మరో కమిటీ వేశారు. సెలవు రోజుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు పలుమార్లు హెచ్చరించింది. పిల్లలకి విశ్రాంతి, ఆట, తీరిక హక్కు అని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది, 1992లో భారతదేశం దాన్ని ఒప్పుకుంది. హాస్టలు గేటు దగ్గర ఈ అధికరణం ఎంత వరకు పనిచేస్తోందో తల్లులకి తెలుసు.

ఒకే ఇంట్లో పదహారేళ్ళ కొడుకు, పద్నాలుగేళ్ళ కూతురు వున్నారనుకోండి. సాయంత్రం కొడుకు "అలా బీసెంట్ రోడ్డు దాకా వెళ్ళొస్తా" అంటే తండ్రి వంద రూపాయలిచ్చి పంపుతాడు. కూతురు ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు చూసొస్తానంటే "ఒక్కదానివా?" అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలో భయం వుంది, ఆ భయానికి ఆధారాలూ వున్నాయి. వాటిని నేను కొట్టిపారేయను. కాని ఊరు ఎవరిదో ఆ పిల్లకి ఆ క్షణంలోనే అర్థమవుతుంది. అన్న ఊరు తిరిగి నేర్చుకుంటాడు. ఆమెకి ఊరు ఎవరో చెయ్యి పట్టుకుని చూపించే బొమ్మ. రేపు ఉద్యోగానికి హైదరాబాదు పంపాలనుకునే బిడ్డకి, మ్యూజియం దగ్గర్నుంచి లాడ్జికి దారి అడిగి రావడం కూడా నేర్పకపోతే ఎలా?

ఇంకొక విషయం వుంది. ఆడవాళ్ళ మధ్య గుసగుసగా చెప్పుకుంటామే తప్ప రాయం. ప్రయాణంలో గుడి వుంటే తేదీ నిర్ణయించేది పంచాంగం కాదు, ఆడవాళ్ళ నెలసరి. లెక్క తప్పితే మందుల షాపులో నోరెథిస్టిరోన్ మాత్రలు కొని నెలసరిని వాయిదా వేస్తారు. తల్లి వేసుకోవడమే కాదు, "రెండు రోజులేగా" అని పద్నాలుగేళ్ళ పిల్లకి కూడా వేస్తారు, చాలాసార్లు డాక్టర్ని అడగకుండానే. ఇది హార్మోన్ మందు. రక్తం గడ్డకట్టే జబ్బు వున్నవాళ్ళు, కాలేయ జబ్బులున్నవాళ్ళు వాడకూడని మందు. కుటుంబం రెండు రోజులు తిరిగి రావడానికి ఒక ఆడపిల్ల శరీరాన్ని మందుతో ఆపి వుంచడం ఎవరికీ వింతగా అనిపించకపోవడమే నాకు వింతగా వుంది. గుడిని రెండో రోజుకి మార్చవచ్చు. మిగతావాళ్ళు కొండెక్కి వస్తుంటే తల్లీ కూతుళ్ళు కింద ఘాటులో కూర్చుని నదిని చూడవచ్చు. ప్రయాణం ప్రణాళికలో ఈ మాట నోరు విప్పి అనగలిగితే చాలు, మాత్ర అవసరం వుండదు.

బస చూడండి. గాంధీనగరం, గవర్నర్‌పేట లాడ్జీలు పెరిగింది వ్యాపారుల కోసం, సినిమా పంపిణీదారుల కోసం. ఖర్చు తగ్గించుకోవడానికి అయిదుగురికీ ఒకే గది తీసుకుంటారు. ఒక మంచం తండ్రికి, ఒకటి పిల్లలకి, చాప తల్లికి. తండ్రీ అన్నలున్న గదిలో ఎదిగిన పిల్ల బట్టలు మార్చుకోవడానికి స్నానాలగది ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. భర్త లేకుండా తల్లి పిల్లల్ని తీసుకుని వస్తే "మగవాళ్ళెవరూ లేరా?" అన్న ఎంక్వైరీ మామూలే. బస్సు ఉచితం చేసిన ప్రభుత్వం, ఆ బస్సు దిగిన స్త్రీ ఒక రాత్రి తలదాచుకునే చోటు గురించి ఆలోచించాలి కదా. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ దగ్గరే, పిల్లలతో వచ్చే స్త్రీలు భయం లేకుండా తక్కువ ఖర్చుతో పడుకోగల గదులు వుండాలి.

అంతకంటే ముందు మరుగుదొడ్డి. మా వీధుల్లో తిరిగే ఆడవాళ్ళు ఉదయం నుంచి నీళ్ళు తాగరు. బెజవాడ ఎండలో నీళ్ళు తాగకుండా రోజంతా తిరగడం అంటే ఏమిటో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకి మందు రాసే డాక్టర్లకి తెలుసు. మగవాడు కాలవ గట్టునో గోడ పక్కనో నిలబడి పని కానిచ్చుకుంటాడు, పైసా ఖర్చు లేదు. స్త్రీ బట్టల షాపులో ఏదో కొంటున్నట్టు నటించి లోపలికి వెళ్ళాలి. ముంబయిలో స్త్రీల సంఘాలు 2011లో మొదలుపెట్టిన మూత్రవిసర్జన హక్కు ఉద్యమం సరిగ్గా ఈ అన్యాయం మీదే. నీళ్ళు, తలుపుకి గడియ, దీపం, వాడిన ప్యాడు వేసే బుట్ట. ఈ నాలుగూ లేని నగరం విహార కేంద్రమని ఎన్ని బోర్డులు పెట్టుకున్నా అది మగవాళ్ళ విహార కేంద్రమే.

నగరంలో డబ్బు లేకుండా కూర్చోగల చోట్లు తగ్గిపోతున్నాయి. గవర్నర్‌పేట పాత బస్టాండు స్థలంలో 4.15 ఎకరాల ఆర్టీసీ భూమిని లులు షాపింగ్ మాల్స్ సంస్థకి కేటాయిస్తూ 2025 జులైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మాల్‌లో చల్లగా వుంటుంది, మరుగుదొడ్డి శుభ్రంగా వుంటుంది, పిల్లలు సంతోషిస్తారు. ఆ ఆకర్షణ నాకు అర్థమవుతుంది, ముఖ్యంగా ఆడపిల్లలకి అక్కడ కాస్త భద్రంగా అనిపిస్తుంది. కాని అక్కడ మనం కొనుగోలుదారులం. ప్రజల బస్సులు నిలిచిన నేల మీద ప్రజలకి పార్కు, బెంచీ, మంచినీళ్ళు ఎందుకు అడగకూడదు?

ఈ వూళ్ళో పిల్లలకి చూపించాల్సినవి లేక కాదు. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం వుంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైన చోటు, పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా చూపించిన చోటు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని ఆ సమావేశం నిర్ణయించింది. ఆ నిధికి ఒంటిమీది నగలు తీసిచ్చిన స్త్రీల సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. అదే రోడ్డులో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం వుంది. కారంచేడు (1985), చుండూరు (1991) జ్ఞాపకాలున్న ఈ డెల్టాలో దళిత కుటుంబాలు పిల్లల్ని తీసుకుని అక్కడికి రావడం ఉత్త కాలక్షేపం కాదు, తమ చరిత్ర దగ్గరికి రావడం. పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పే సమయం తల్లికి వుండాలి. టిఫిన్ డబ్బాల లెక్కలో మునిగిన మనిషికి ఆ తీరిక ఎక్కడిది?

పడవ సంగతీ చెప్పాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. పడవ ఎక్కేముందు ప్రాణరక్షణ కవచం అడిగే తల్లిని చాదస్తురాలిగా చూడటం మన అలవాటు. ఆ జాగ్రత్త పడవ నడిపేవాడి బాధ్యత, అనుమతి ఇచ్చే శాఖ బాధ్యత. అదంతా తల్లి కంటిమీదే వుంచితే ఆమె పడవలో వున్నంతసేపూ నదిని చూడదు, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ వుంటుంది.

ఇదంతా మధ్యతరగతి గోల కదా అని అడిగే మిత్రులు వుంటారు. వ్యవసాయ కూలీకి, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి విహారం ఎక్కడిది అంటారు. నా వాదన అక్కడే మొదలవుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి ప్రయాణ రాయితీతో సెలవు వుంది. ఇళ్ళల్లో పనిచేసే ఆమెకి వారానికి ఒక్క రోజు జీతంతో సెలవు లేదు. ఆమె ఒక రోజు మానేస్తే యజమానురాలైన మనమే విసుక్కుంటాం. తీరిక ముందుగా లాక్కోబడేది పేద స్త్రీ దగ్గర్నుంచే. విశ్రాంతినీ తీరికనూ 1948 విశ్వజనీన మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం హక్కుగా చెప్పింది. వినోదంలో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనడానికి పురుషుడితో సమానంగా స్త్రీకి హక్కు వుందని సీడా ఒడంబడిక 13వ అధికరణం చెప్పింది, 1993లో మన దేశం దానికి ఆమోదం తెలిపింది. మనం హింస కోసం, ఆస్తి కోసం వాడుకున్న ఆ ఒడంబడికలో ఈ పేజీని తెరవలేదు.

మనం నడిపే శిక్షణా శిబిరాలనే చూడండి. మూడు రోజుల శిక్షణ ముగిశాక ఏం బాగుందని అడిగితే చాలామంది స్త్రీలు నవ్వుతూ చెప్పేది ఒకటే. ఇంకొకరు వండి వడ్డిస్తే కూర్చుని తిన్నాం, సాయంత్రం నది దగ్గరికి వెళ్ళాం. మనం దాన్ని నివేదికలో రాయం, చట్టాల మీద అవగాహన పెరిగిందని రాస్తాం. ఆ నవ్వు కూడా హక్కుల చైతన్యమే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో తన పేరే మరిచిపోయిన గృహిణి వుంది. పేరు గుర్తుకు రావడానికి ఆమె కూడా ముందు ఇల్లు కదలాల్సి వచ్చింది.

పిల్లలకి ఇష్టమైనది చేసిపెట్టడంలో తల్లికి ఆనందం లేదా అని కూడా అడుగుతారు. వుంటుంది. ఆ ఆనందం తండ్రికీ, పదహారేళ్ళ కొడుక్కీ అందనీయకుండా దాచుకోవడం ఎందుకు?

కాబట్టి కొన్ని ప్రతిపాదనలు చేస్తున్నాను. ప్రయాణానికి వారం ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని పనుల పట్టిక కాగితం మీద రాయాలి. రాస్తే గాని అది ఎంత పొడుగో ఇంట్లో వాళ్ళకి తెలియదు. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు వుండాలి, అన్నింటికీ ఒకే పేరు వుండకూడదు. వంట ఇంటి దగ్గరే ఆగిపోవాలి. డబ్బు చాలకపోతే చూసే స్థలం ఒకటి తగ్గించుకోవాలి. బెజవాడ ఎండకి ఉదయం, సాయంత్రం తిరిగి, మధ్యాహ్నం అందరూ పడుకోవాలి, తల్లితో సహా. రెండు రోజుల్లో ఒక పూట ఆమె ఒక్కతే తనకిష్టమైన చోటికి వెళ్ళాలి, ఆ పూట పిల్లలు తండ్రి దగ్గర వుండాలి. కూతురు ఎక్కడికి వెళ్ళాలో తను చెప్పాలి, కనీసం ఒక వీధి దూరమైనా తన కాళ్ళ మీద, తనే దారి అడిగి వెళ్ళి రావాలి. కొడుకు తడిబట్టలు ఆరేయాలి.

ఇంట్లో ఇవి సాధించుకుంటూనే బయట అడగాల్సినవి అడగాలి. ఘాటుల దగ్గర, బీసెంట్ రోడ్డులో, బస్‌స్టేషన్‌లో స్త్రీలకి ఉచితంగా శుభ్రమైన మరుగుదొడ్లు. పిల్లలతో వచ్చే స్త్రీలకి రాత్రి బస. చీకటి పడ్డాక కూడా ఊళ్ళకి తిరిగి వెళ్ళే బస్సులు. ఇంటి పనివాళ్ళకి వారాంతపు సెలవు. హాస్టలు పిల్లలకి కోత లేని ఆదివారం. మన సంఘాల వార్షిక ప్రణాళికలో కూడా సభ్యులూ పిల్లలూ కలిసి ఏ ఉపన్యాసమూ లేకుండా గడిపే ఒక రోజు వుండాలి. స్వచ్ఛంద సంస్థల్లో రాత్రింబవళ్ళు పనిచేసే కార్యకర్తలకి దక్కాల్సిన సెలవుల మాట కూడా అదే సమావేశంలో తేల్చుకోవాలి.

స్త్రీశక్తి పథకం మనకి టిక్కెట్టు ఇచ్చింది. ఆ టిక్కెట్టు మీద ఊరు చేరిన తర్వాత సెలవు ఎవరికి దక్కాలన్నది ఇంట్లోనూ, కార్పొరేషన్ ఆఫీసు ముందూ మనం తేల్చుకోవాల్సిన విషయం. ఈ వేసవి సెలవులకి ముందే మీ సంఘాల్లో ఈ చర్చ పెట్టండి, మీ ఇళ్ళలో పట్టిక రాయండి. ఏ పేరు ఎదురుగా ఎన్ని పనులు చేరాయో ఈ పత్రికకి రాసి పంపండి.